మైకు లేని వరాలు: దేవుడిచ్చినదాన్ని పదిమందికి పనికొచ్చేలా పెట్టడం ఎలా

కృపావరం, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చిన సామర్థ్యం, అనగానే మన సంఘాల్లో చాలామందికి మైకే గుర్తొస్తాది. పాడేవాళ్లకి ఉంది, వాక్యం చెప్పేవాళ్లకి ఉంది, కీబోర్డు వాయించే కుర్రోడికి ఉంది, మిగతావాళ్లు చాపలు పరుచుకుని కూర్చోడమే అన్నట్టుంటాది మన లెక్క. బైబిల్లో మొదటి పేతురు 4:10 తీసి చూడండి, ఎవరికి దొరికిన వరంతో వాళ్లు ఒకరికొకరు ఉపచారం చేసుకోమని ఉంది, అంటే ప్రతి ఒక్కరికీ దేవుడు ఏదో ఒకటి ఇచ్చే ఉన్నాడు. రోమా 12లో బోధించడం పక్కనే పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం కూడా అదే వరసలో ఉన్నాయి. కాబట్టి "నాకేం రాదండి" అనే మాట పక్కనపెట్టి మొదలెడదాం.

మీ వరం ఏంటో కళ్లు మూసుకుని మిమ్మల్ని మీరే అడుక్కుంటూ కూర్చోవద్దు, మన గురించి మనం అనుకునేదాంట్లో సగం ఆశ, సగం మొహమాటం. జనం మీ దగ్గరకి దేనికి వస్తన్నారో ఓ నెల గమనించండి. "బాబూ ఈ కాయితంలో ఏటి రాసుందో సూడు", "అమ్మా మా గుంటడికి లెక్కలు రావట్లేదు", "పెద్దమ్మా మా ఇంట్లో గొడవైపోతంది, ఓపాలి రావా"... ఇలా ఎవరూ చాటింపు వెయ్యకుండానే మీ గుమ్మంలోకి వచ్చే పని ఒకటుంటాది కదా, అక్కడ వెతకండి. మీకు చిటికెలో అయిపోతాది గనక అది గొప్పని మీకు అనిపించదు. అయినా తేలకపోతే పాస్టరమ్మగారిని అడగండి, సంఘంలో ఎవరు దేనికి పనికొస్తారో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

తర్వాత చూడాల్సింది అవసరం. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వయసులో ఉన్నోళ్లు చాలామంది విశాఖ, హైదరాబాదు, చెన్నై పనులకి పోయారు, కొన్ని ఇళ్లలో ముసలోళ్లు, మనవలే మిగిలారు. అక్కడ స్టేజీ ప్రోగ్రాం కన్నా పింఛను కాయితం, ఆస్పత్రి, పిల్లల చదువు, ఈ మూడే పెద్ద పనులు.

కాయితాల పని వచ్చినోళ్లకైతే చేతినిండా పని. ఆధార్లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పాసుబుక్కులో ఇంకోలా ఉంటాది, కూలి పని చేసి చేసి వేళ్లు అరిగిపోయి మిషను మీద వేలిముద్ర పడదు, ఆ ముసలాయన సచివాలయానికి తిరిగి తిరిగి చివరికి నా రాత ఇంతే అని ఊరుకుంటాడు. మీరు చేయాల్సింది ఏంటంటే కాయితాలన్నీ మంచం మీద పరిచి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నెంబరు ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో ఒక తెల్లకాయితం మీద రాసి, ముందు ఏది సరిచేయించాలో అడిగి తెలుసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లడం. వేలిముద్ర పడకపోతే ఇంకో దారి ఏముందో అక్కడే నిలబడి అడగండి, మర్యాదగా, కానీ జవాబు వచ్చేదాకా. ఒరిజినల్స్ మీ దగ్గర ఉంచుకోవద్దు. వాళ్ల ఓటీపీ, ఏటీఎం పిన్ను మీ ఫోన్లో రాసిపెట్టుకోవద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. ఏ రోజు ఏం చేశారో వాళ్ల కొడుక్కో కూతురికో ఫోన్ చేసి చెప్పేయండి, రేపు మాట రాకుండా ఉంటాది.

ఇక కరుణ చూపే మనసున్నోళ్లు. రోగుల్ని చూడ్డానికి వెళ్లడం అందరూ చేస్తారు, కాస్త తెలుసుకుని వెళ్లేవాళ్లు తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే తీసుకోండి, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు అటంతా కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మనకి తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చి సెంటరు మొదలయ్యాయి, కానీ డయాలసిస్ పేషెంటు సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటల దాకా మంచం మీదే, అదీ వారాలు కాదు, ఏళ్ల తరబడి. అక్కడ ఆటో నడిపే తమ్ముడి వరం ప్రసంగం కన్నా ముందు పనికొస్తాది. ఎక్కించేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి పట్టుకుని లాగొద్దు, ఆ చేతి మీద బరువు పడకుండా చూడాలి. తిరుగు ప్రయాణంలో బీపీ తగ్గి కళ్లు తిరగొచ్చు, గుంతల్లో నెమ్మదిగా పోవాలి. పరామర్శకి వెళ్తూ కొబ్బరి బొండాలు పట్టుకుపోవడం మన అలవాటు, ఉద్దానమంతా కొబ్బరి తోటలే కదా, కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మీద ఉన్నోళ్లకి అది గుండెమీదకి తేవచ్చు. అరటిపండ్లు, బత్తాయి రసం కూడా అంతే. మంచినీళ్లకి కూడా డాక్టరు కొలత పెట్టి ఉంటారు. అందుకని ఉత్తి చేతులతో వెళ్లినా పర్లేదు, ముందు ఇంట్లోవాళ్లని ఏం తినొచ్చో అడగండి. ప్రార్థన చిన్నది చెయ్యండి, పేషెంటు అలిసిపోయి ఉంటాడు. డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలు ఆయన భార్యని ఇంటికి పంపి మీరు పక్కన కూర్చున్నారా, అంతకన్నా ఏం కావాలి ఆవిడకి.

కుట్టు మిషనున్న చెల్లెళ్లు అపొస్తలుల కార్యములు 9 చదవండి. యొప్పే ఊళ్లో తబితా అనే విశ్వాసురాలు చనిపోతే విధవరాళ్లంతా పేతురు చుట్టూ చేరి ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు చూపించారు. స్కూళ్లు తెరిచే జూన్లో చిరిగిన యూనిఫారాలు ఎన్నుంటాయో చెప్పక్కర్లేదు.

పాట వచ్చినోళ్లని తక్కువ చేస్తన్నానని అనుకోవద్దు. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) తన కవిత్వమంతా క్రైస్తవ కీర్తనల్లో పెట్టారు గనకే మనం ఇప్పటికీ పాడుకుంటన్నాం. కాకపోతే ఆదివారంతో ఆపకండి, చర్చికి రాలేక మంచం పట్టినోళ్ల ఇంటికెళ్లి రెండు పాత కీర్తనలు పాడండి, వాళ్లకి తెలిసినవి, కొత్త ట్యూన్లు కాదు.

పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లు తలుపు తీసిపెట్టి, ఇంకో పెద్దమనిషిని ఉంచుకుని చెప్పండి, తల్లిదండ్రులు దూరాన ఉన్న పిల్లలు గనక ఇది తప్పనిసరి.

ఇవన్నీ మన విశ్వాసులకే అని గిరి గీయొద్దు. గుడికెళ్లే ఇంటికైనా, మసీదుకెళ్లే ఇంటికైనా అదే పని, అదే మర్యాద. ఫారం నింపి చేతిలో కరపత్రం పెడితే అది బేరంలా ఉంటాది, ఎందుకు చేస్తన్నారని వాళ్లే అడిగితే అప్పుడు చెప్పండి, దాచుకోనక్కర్లేదు.

కాలం, డబ్బు దగ్గర మాత్రం ముందే తేల్చుకోవాలి. ఒకసారి మంచి చేస్తే ఇక రాత్రి పదింటికి కూడా ఫోన్లొస్తాయి, ఇంట్లో భార్య మొహం మాడిపోతాది, న్యాయమే మరి. మోషే పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తుంటే, నువ్వూ జనమూ నలిగిపోతారు అని చెప్పింది మామగారు యిత్రో (నిర్గమ 18), అదీ ఇంట్లోవాళ్లే చెప్పాలి. బుధవారం సాయంత్రం కాయితాలు, శనివారం ట్యూషన్, అలా రోజు కట్టేయండి. ఆటో డీజిలు ఖర్చు సంఘం కానుకలోంచి ఇవ్వమని పెద్దలతో మాట్లాడుకోండి, ఆ తమ్ముడికీ పిల్లలున్నారు. మాటొచ్చే పని, డబ్బు ముట్టుకునే పని ఏదైనా ఇద్దరు కలిసి చెయ్యండి.

మొదటి నుంచీ పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని నేర్పండి, ఇంటర్ చదివే పిల్లయినా సరే, ఫోన్ పని మనకన్నా వాళ్లకే బాగా వస్తాది. ఆ పిల్ల వాళ్ల అమ్మానాన్నని అడిగి వాళ్ల ఇంటి నెంబరు నలుగురికీ చెప్పి ఉంచండి, మీరు కూతురి పురిటికని హైదరాబాదు వెళ్లి రెండు నెలలు రాకపోయినా బుధవారం పని బుధవారం జరిగిపోతాది.