యాభై దాటాక పాట నేర్చుకుంటున్నారా? ముందు శ్రుతి తగ్గించండి

నేను 54 ఏళ్లకు కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదలుపెట్టాను. పిల్లలతో కలిసి ఐదున్నర శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స ఎత్తు, అంకె తగ్గితే ఎత్తు తగ్గుతుంది) పాడితే పై షడ్జం, అంటే పై స దగ్గర గొంతు పట్టేసేది. ఇక నావల్ల కాదేమో అనుకున్నా. తప్పు గొంతుది కాదు, శ్రుతిది. వయసుతో ఆడవాళ్ల గొంతు కాస్త కిందికి దిగుతుంది, అది సహజం.

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకోండి. ఐదు, నాలుగున్నర, నాలుగు... ఇలా అర శ్రుతి చొప్పున దిగుతూ ప్రతిచోటా స నుంచి పై స వరకు అకారంతో, అంటే ‘ఆ’ అంటూ, నెమ్మదిగా పాడండి. పైన గడ్డం ఎత్తకుండా, మెడ నరాలు బిగియకుండా పలకాలి. కింద స గాలిలా తేలిపోకూడదు. రెండూ కుదిరిన చోటే మీ శ్రుతి. నాకు నాలుగు దగ్గర కుదిరింది. మొహమాటపడకుండా గురువుగారికి చెప్పండి.

ఇంకోటి. సరళీ స్వరాలు నేర్పే రాగం మాయామాళవగౌళలో రిషభం (రి) సకి బాగా దగ్గరగా ఉంటుంది. సినిమా పాటలు విని విని అలవాటైన మన చెవి దాన్ని తెలియకుండానే పైకి లాగుతుంది. స, రి రెండే స్వరాలు, ఒక్కోటీ ఊపిరి ఉన్నంతసేపు నిలిపి, రోజూ ఐదు నిమిషాలు పాడి రికార్డు చేసుకుని వినండి. పాడుతున్నప్పుడు తెలియని తేడా వింటున్నప్పుడు ఇట్టే తెలుస్తుంది.

గంటసేపు ఏకధాటిగా వద్దు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట చాలు. రెండో కాలం (రెట్టింపు వేగం) తొందర అసలే వద్దు, నేను మూడు నెలలు మొదటి కాలంలోనే ఉన్నాను.