చలికాలపు పెల్లెట్లు: ఇంటికి చేర్చడం, తడి తగలకుండా నిల్వ చేయడం

అమెరికాలో న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మేన్ రాష్ట్రాల్లో గ్యాస్ పైపు చేరని ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు మొదటి చలికాలంలోనే హీటింగ్ ఆయిల్ బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. ఆ భారం తగ్గించుకోవడానికి చాలామంది ఎంచుకునే దారి పెల్లెట్ స్టవ్. కోత మిల్లుల్లో మిగిలిన రంపపు పొట్టును గట్టిగా అదిమి, జిగురేమీ కలపకుండా, పావు అంగుళం మందాన తయారుచేసిన గుళికలు, అంటే పెల్లెట్లు, ఇందులో కాలతాయి. ఒక టన్ను గుళికలు ఇచ్చే వేడి దాదాపు 120 గ్యాలన్ల ఆయిల్ ఇచ్చే వేడికి సమానం. అయితే ఆయిల్‌ను లారీ వాడు పైపు పెట్టి నింపి వెళ్తాడు. గుళికల బరువు మోయవలసింది, వాటిని తడవకుండా కాపాడవలసింది మనమే.

ముందు లెక్క చూసుకోండి. ఒక సంచి 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. 50 సంచులు ఒక టన్ను. ఈ టన్ను 2,000 పౌండ్లదే కనుక మనకు తెలిసిన వెయ్యి కిలోలకు కొంచెం తక్కువ, 907 కిలోలు. స్టవ్‌ను తక్కువ మంట మీద రోజంతా నడిపితే ఒక సంచి అవుతుంది. గట్టి చలి రోజుల్లో రెండు కూడా కావచ్చు. ఈ లెక్కన చలికాలానికి రెండు మూడు టన్నులు కావాలనుకుంటే, వేసవిలోనే కొనిపెట్టుకోవడం మంచిది. మొదటి మంచు పడ్డాక అందరూ ఒకేసారి దుకాణాలకు వెళ్తారు, అప్పుడు నచ్చిన రకం దొరకదు. సంచి మీద 'ప్రీమియం' గ్రేడు ముద్ర ఉందో లేదో చూడండి. ఆ గ్రేడులో తేమ 8 శాతానికి, బూడిద 1 శాతానికి మించకూడదన్నది పరిశ్రమ ప్రమాణం.

సొంత బండిలో తెచ్చుకునేవారు డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు చట్రం మీద అంటించిన స్టిక్కర్ చదవాలి. మనుషులు, సామాను కలిపి ఎంత బరువుకు మించకూడదో అందులో రాసి ఉంటుంది. ఉదాహరణకు మీ మినీవ్యాన్‌కు ఆ అంకె 1,150 పౌండ్లు అనుకుందాం. ఇద్దరు పెద్దవాళ్లకు 300 పౌండ్లు తీసేస్తే మిగిలేది 850, అంటే 21 సంచులు. నేనైతే 20 దగ్గరే ఆగుతాను. పికప్ ట్రక్కు ఉంది కదా అని టన్ను మొత్తం ఎక్కించేయడం చాలామంది చేసే పొరపాటు. 'హాఫ్ టన్' అని పిలిచే ట్రక్కుల్లో చాలావాటికి ఆ బరువు, డ్రైవర్ బరువుతో కలిపి, హద్దు దాటిపోతుంది. బండి వెనుక భాగం కుంగి, హెడ్‌లైట్లు పైకి లేచి, బ్రేకు వేసినా ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. రెండు ట్రిప్పులు వేయడం వల్ల పోయేదేమీ లేదు. వ్యాన్‌లో సంచులను పడుకోబెట్టి, ముందు సీట్ల వీపుకు ఆనించి, ఎత్తు పెరగకుండా పేర్చి, పట్టీతో కట్టాలి. ట్రక్కులో తెస్తుంటే ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా టార్పాలిన్ కప్పాలి.

ఇంటికి డెలివరీ చేయించుకుంటే 50 సంచులూ ఒకే చెక్క ప్యాలెట్ మీద, అంటే సామాను పేర్చే చెక్క పలకల చట్రం మీద, వస్తాయి. దాన్ని కదిలించే చక్రాల జాకీ గట్టి, చదునైన నేల మీదే నడుస్తుంది. కంకర మీద, మంచు మీద, ఏటవాలు డ్రైవ్‌వే మీద నడవదు. ఒకసారి దించాక దాన్ని అంగుళం కూడా జరపలేం కాబట్టి, లారీ రాకముందే చోటు నిర్ణయించుకుని, అక్కడ ఊడ్చి సిద్ధంగా ఉంచుకోండి.

ఇక అసలు విషయం తడి. ఒక గుళికను గ్లాసు నీళ్లలో వేసి చూడండి: కొద్ది నిమిషాల్లోనే ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి, తడి పొట్టుగా అడుగున కూర్చుంటుంది. ఎండబెట్టినా మళ్లీ గుళిక కాదు. సంచి ప్లాస్టిక్ కదా, నీరు ఎలా పోతుందని మనం అనుకుంటాం. కానీ గాలి పోవడానికి సంచికి సూదిమొన లాంటి రంధ్రాలు ఉంటాయి. మొదటి ఏడాది నేను సంచులను గ్యారేజీలో సిమెంటు నేల మీదే పేర్చాను. కారుకు అంటుకుని వచ్చిన మంచు ప్రతి సాయంత్రం కరిగి ఆ వరుస కిందికే పారింది. జనవరిలో అడుగు సంచులు ఎత్తబోతే ఒక్కొక్కటి మినప రుబ్బు సంచిలా చేతిలో జారింది. తొమ్మిది సంచులు పారబోశాను. మన ఊళ్లో ధాన్యం బస్తాల కింద చెక్కలు పరిచే అలవాటు చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణే, ఇక్కడికి వచ్చి మరిచిపోయాను. నేలకూ సంచికీ మధ్య చెక్క ప్యాలెట్ తప్పనిసరి. గోడకు కూడా జానెడు దూరం ఉంచాలి.

పొరకు ఐదు సంచుల చొప్పున, ఒక పొరకు అడ్డంగా మరో పొర పేర్చితే దొంతర ఒరగదు. సంచిని విసరకుండా నెమ్మదిగా దించండి, ఎందుకంటే దెబ్బ తగిలిన గుళికలు పొడి అవుతాయి, ఆ పొడి స్టవ్‌లో గుళికలను నెట్టే మరను బిగించేస్తుంది. బేస్‌మెంట్‌లోకి దించేటప్పుడు మెట్ల మీద నున్నని పలక వేసి జార్చితే నడుముకు హాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయం చేస్తామని ముందుకొచ్చినా ఈ పని వాళ్లకు ఇవ్వకండి. చెక్కతో కట్టిన పై అంతస్తు నేల మీద టన్ను పెట్టకూడదు. అమెరికా ఇళ్లలో గదుల నేలను సాధారణంగా చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు లెక్కన కడతారు. ప్యాలెట్ మీది టన్ను సుమారు 150 పౌండ్ల చొప్పున నొక్కుతుంది.

బయట పెట్టక తప్పకపోతే నీడపట్టున పెట్టి, పైనా పక్కలా టార్పాలిన్ కప్పి, అడుగున గాలి ఆడనివ్వండి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి చిరుగుతుంది. చిరిగిన సంచికి అప్పుడే టేపు వేసి ముందుగా వాడేయండి. సంచులు కాకుండా విడి గుళికలను పెద్ద తొట్టిలో పోయించుకునేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. నిల్వలో గుళికల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి వాసన ఉండదు. గాలి ఆడని తొట్టిలోకి తల దూర్చినా ప్రాణాపాయమే. ఇంట్లో ఆ వాయువును పసిగట్టే అలారం తప్పక ఉండాలి.

అయోవా, మిన్నెసోటా వైపు కొందరు మొక్కజొన్న గింజలు కూడా కాలుస్తారు. స్టవ్ మాన్యువల్ ఒప్పుకుంటేనే ఆ పని చేయాలి. గింజల్లో తేమ 15 శాతం మించకూడదు, ఎలుకలు దూరని లోహపు డబ్బాలో ఉంచాలి, మందు పట్టించిన విత్తనాలను ఎన్నడూ కాల్చకూడదు.

ఏప్రిల్ చివర స్టవ్ ఆపేశాక దాని తొట్టిలో మిగిలిన గుళికలను అలాగే వదలకండి. వేసవి ఉక్కకు అవి తేమ పీల్చి మర లోపలే గట్టిగా బిగుసుకుపోతాయి. అన్నీ తీసి, మూత బిగుతుగా పట్టే బకెట్‌లో పోసి, దాని మీద ఆ ఏడాది అంకె రాసి పెట్టండి. అక్టోబరులో మొదట ఖాళీ చేయవలసింది ఆ బకెట్టే.