పాత గిటార్ తీగలను శుభ్రం చేసి మళ్లీ వాడుకోవడం

విశాఖపట్నంలో, ముఖ్యంగా బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో, గిటార్ తీగలు త్వరగా మొద్దుబారడానికి చేతి చెమటతో పాటు ఉప్పు కలిసిన తేమగాలి కూడా కారణమే. అయితే ఆరు తీగలనూ ఒకేలా చూడకూడదు. అకూస్టిక్ గిటార్‌లో సాధారణంగా లావుపాటి 4 తీగలకు సన్నని లోహపు చుట్టు ఉంటుంది. ఆ చుట్ల సందుల్లో జిడ్డు, చర్మపు పొట్టు పేరుకొని తీగ కంపనాన్ని అణచివేస్తాయి కాబట్టి, శుభ్రం చేసినందుకు ఫలితం దక్కేది వీటికే. చుట్టు లేని 2 తీగలు తుప్పు పట్టితే కొత్తవి వేసుకోవడమే మేలు.

తీగలను కత్తిరించకుండా, ఒక్కొక్కటిగా నెమ్మదిగా వదులు చేసి తీసి, వదులుగా చుట్టి, వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి సుమారు 10 నిమిషాలు మరిగించాలి. నా ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావైనదాన్ని, మరిగించినప్పుడు నీళ్లు పల్చటి టీ రంగుకు తిరిగాయి. నైలాన్ తీగలను మాత్రం మరిగించకూడదు.

అసలు జాగ్రత్త ఆరబెట్టడంలో ఉంది. నూలు గుడ్డతో తుడిచిన తరువాత, సముద్రపు గాలి తగిలే బాల్కనీలో కాక, గదిలో ఫ్యాను కింద రాత్రంతా ఉంచాలి. చుట్ల లోపల తడి మిగిలితే నడిమి ఉక్కు తీగ తుప్పు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ ఉంటే ఇంకా మంచిది.

మళ్లీ బిగించేటప్పుడు పాత వంపు, తీగను చుట్టి శ్రుతి చేసే మేకు (ట్యూనింగ్ పెగ్) దగ్గర అదే చోటికి రావాలి, ఎందుకంటే వంపు మరోచోట పడితే తీగ అక్కడే తెగే ప్రమాదముంది. ఫ్రెట్లు (గిటార్ మెడపై అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) ఒత్తుకొని చుట్టు నలిగిపోయిన తీగను ఎంత మరిగించినా శ్రుతి సరిగా నిలవదు, దానిని పారేయండి. మిగిలిన వాటి నాదంలోని మెరుపు కొన్ని రోజులే ఉంటుంది కనుక, ఇవి ఇంటి సాధనకు చాలు గాని కచేరీకి పనికిరావు.