థార్ ఇసుక బూడిదరంగుగా వస్తుంటే నాకు పనిచేసిన సవరణ

జైసల్మేర్‌కు పశ్చిమాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ ఇసుక తిన్నెల వద్ద సూర్యాస్తమయానికి ముందు తీసిన నా ఫొటోలలో ఇసుక బూడిదరంగుగా, చదునుగా కనిపించింది. గాలి చెక్కిన అలలు కంటికి ఆననేలేదు. శాచురేషన్ (రంగుల గాఢత), కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా), డీహేజ్ (మసకను తగ్గించే సవరణ) మూడింటినీ ఫొటో మొత్తానికి పెంచి చూస్తే ఇసుక పసుపు ముద్దలా, ఆకాశం మురికిగా తయారయ్యాయి.

చివరకు ఫొటోలు సవరించే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో రా ఫైలును (కెమెరా ప్రాసెస్ చేయకుండా దాచిన అసలు ఫైలును) మళ్లీ మొదటి నుంచి తెరిచి, ముందుగా ఫొటో రంగుల ఛాయను నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి డేలైట్‌కు, అంటే 5500 కెల్విన్‌కు మార్చాను. సాయంకాలపు వెలుగులోని వెచ్చని బంగారు ఛాయను దోషంగా లెక్కించి ఆటోయే తీసివేసిందని అప్పుడు గాని నాకు బోధపడలేదు. తరువాత ఎక్స్‌పోజర్‌ను (ఫొటో మొత్తం వెలుగును) అర స్టాప్, హైలైట్స్‌ను (బాగా వెలుగున్న భాగాలను) 40 మేరకు తగ్గించాను.

అసలు మార్పు ఆ తరువాతి మెట్టులో వచ్చింది. ఇసుక అల కనిపించేది దాని రంగు వల్ల కాదు, ఒకవైపు వెలుగు, మరొకవైపు నీడ ఉండటం వల్ల. కాబట్టి ఫొటో దిగువ నుంచి లీనియర్ గ్రేడియంట్ మాస్క్ (సవరణ పైకి పోయేకొద్దీ తగ్గేలా చేసే ఎంపిక) గీసి, అందులో ముదురు భాగాలు మాత్రమే మిగిలేలా వెలుగు స్థాయిని బట్టి ఎంచే ల్యూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేసి (రెండింటికీ ఉమ్మడి భాగాన్నే ఉంచి), అక్కడ మాత్రమే షాడోస్‌ను (నీడల వెలుగును) 25 తగ్గించాను. ఆపై ఇసుక అంతటికీ సన్నని వివరాలను స్పష్టం చేసే టెక్స్చర్ 20 పెంచాను. మధ్యస్థాయి కాంట్రాస్ట్‌ను పెంచే క్లారిటీ జోలికి వెళ్లలేదు, ఎందుకంటే దానితో తిన్నె అంచు వెంట తెల్లని గీత వస్తోంది. నీడలు ముదిరినప్పుడు నారింజ రంగు ఘాటెక్కింది కనుక దాని శాచురేషన్‌ను 10 తగ్గించాను.

ఈ అంకెలు నా ఫొటోలకు కుదిరినవే. మిట్టమధ్యాహ్నం తీసిన వాటిలో నీడలే లేనందున ఈ పద్ధతి దాదాపు పనిచేయలేదు. కెమెరా కుదించి దాచే జేపెగ్ ఫైళ్లలోనైతే ఆకాశంలో చారలు పడ్డాయి.