కాలేజీ గోడ మీది పాత డాక్టర్ల పటాలకు పేర్లు పట్టుకోవడం ఎలా?

ఏ పాత మెడికల్ కాలేజీకి వెళ్లినా ప్రిన్సిపాల్ రూమ్ బయటో, అనాటమీ హాల్లోనో వరసగా పటాలుంటాయి. కోటు, మీసం, నవ్వని మొహం. సగం వాటికి కింద పేరుండదు, ఉన్నా ప్లాస్టిక్ దండ దాన్ని కప్పేసి ఉంటుంది. శతాబ్ది ఉత్సవాలో, పాత విద్యార్థుల కలయికో వచ్చినప్పుడు "వీళ్లంతా ఎవరో లిస్టు రాయరా" అని ఎవడో ఒకడికి పని తగులుతుంది. మా బ్యాచ్‌లో అది నాకు తగిలింది. ఏ కాలేజీ అని అడగకండి, ఎందుకో కాస్త కిందకి వెళ్తే మీకే తెలుస్తుంది.

ముందు ఎవరిని పట్టుకోవాలి

ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక లెటర్ తీసుకోండి, అది ఫార్మాలిటీ. అసలు మనిషి మాత్రం చాలాకాలంగా పనిచేస్తున్న అటెండర్. స్టోర్ రూమ్‌లో బీరువా వెనక తిప్పి పెట్టిన పటాల సంగతి ఆయనకే తెలుసు.

కదపకుండా నంబర్లు వేయండి

తలుపు పక్క నుంచి మొదలుపెట్టి 1, 2, 3 అని నోట్‌బుక్‌లో గోడ బొమ్మ గీసుకోండి. పటాలను చాలాచోట్ల పదవిలోకి వచ్చిన వరసలోనే కొడతారు, కాబట్టి 6వ పటం, 8వ పటం ఎవరిదో తెలిస్తే, ప్రిన్సిపాల్ గదిలోని పేర్ల బోర్డు చూసి 7 ఎవరై ఉంటారో ఒక అంచనాకు రావచ్చు. ముందే కిందకి దింపేస్తే ఆ ఆధారం పోయినట్టే.

ఫోటో తీయడం

ఫ్లాష్ వద్దు. పైనున్న ట్యూబ్‌లైట్ ఆర్పేసి, పక్క కిటికీ వెలుతురులో తీయండి. అద్దంలో మీరే కనిపిస్తారు కదా, దానికి చిట్కా ఏంటంటే నల్ల చొక్కా వేసుకెళ్లడం, లేదా ఇద్దరు మీ వెనక నల్ల దుప్పటి పట్టుకుని నిలబడటం. దగ్గరికెళ్లి తీస్తే ఫ్రేము అంచులు వంకరపోతాయి, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి.

వెనక చూడండి, ఇదే అసలు పని

పటం ముందు మొహం ఉంటుంది, వివరాలు చాలాసార్లు వెనకే ఉంటాయి. పెన్సిల్‌తో రాసిన పేరు, స్టూడియో ముద్ర, పటం కట్టిన షాపు చీటీ, ఏదో ఒకటి దొరుకుతుంది. మేం చేసిన తప్పు చెప్తా. ఉత్సవాలకు టైమ్ లేదన్న టెన్షన్‌లో పదకొండు పటాలను కొత్త ఫ్రేములు కట్టమని షాపుకిచ్చేశాం, వెనక వైపు ఫోటోలు తీయకుండానే. మెరిసిపోతూ తిరిగొచ్చాయి. పాత అట్టలు ఏవయ్యా అంటే చెదలు పట్టాయని చెత్తలో పడేశానన్నాడు. వాడి తప్పేం లేదు, ఉంచమని మేం చెప్పలేదు. వాటిలో నాలుగు పటాలకు ఇప్పటికీ పేర్లు లేవు.

కాబట్టి అట్ట విప్పక ముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో. ఫోటో గనక చెమ్మకి అద్దానికి అతుక్కుని ఉంటే లాగకండి, మొహం అద్దంతోపాటు ఊడొస్తుంది. అద్దంతోనే ఉంచి కాపీ తీసుకోండి.

రాతలు చదవడం

హైదరాబాద్ పటాలైతే వెనక ఉర్దూలో 1340 లాంటి సంవత్సరం కనిపించవచ్చు. కంగారు పడకండి, అది ఫసలీ (నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) అయితే 590 కలపండి, 1930-31 వస్తుంది. హిజ్రీ (ముస్లింల చాంద్రమాన సంవత్సరం) అయితే లెక్క వేరు, అందుకే ఉర్దూ బాగా చదివే పెద్దమనిషిని పక్కన పెట్టుకోండి.

కాలేజీ పేరు కూడా కాలం చెప్తుంది. హైదరాబాద్‌లో 1846లో మొదలైంది మెడికల్ స్కూల్‌గా, ఉస్మానియా అన్న మాట 1918లో యూనివర్సిటీ వచ్చాకే. విశాఖలోనూ 1923లో పెట్టినప్పుడు ఊరి పేరే, "ఆంధ్రా" తర్వాత చేరింది. అట్ట మీద నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో ముద్ర ఉందని ఆయనే తీశారని రాసేయకండి, ఆయన 1905లో పోయారు, ఆ తర్వాత అదే పేరుతో కుటుంబంవాళ్లు నడిపారు.

పేరు పక్కన ఐ.ఎం.ఎస్. అని, ముందు మేజరో కల్నలో ఉంటే సైన్యంవాడు తప్పుదారిన ఇక్కడికొచ్చాడనుకోకండి, ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్లకు సైనిక హోదాలే ఉండేవి. 1947తో ఆ సర్వీసు ఆగిపోయింది. ఎల్.ఎం.ఎస్. (లైసెన్షియేట్ ఇన్ మెడిసిన్ అండ్ సర్జరీ) చూసి చిన్న డాక్టర్ అనీ అనుకోవద్దు, మన యల్లాప్రగడ సుబ్బారావు గారికి మద్రాసులో ఇచ్చింది అదే.

ఇంకోటి, గ్రూప్ ఫోటోలో చీర కట్టుకున్నావిడ కనిపించగానే నర్సు అని రాసేస్తారు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1880లలోనే ఆడపిల్లలు చదివారు. అప్పట్లో ఆ స్కూలు నడిపిన ఎడ్వర్డ్ లారీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్‌తో మత్తు ఇచ్చే డాక్టర్ అయ్యారు. ఆ క్లోరోఫామ్ ఎంతవరకు సురక్షితమో తేల్చడానికే నిజాం డబ్బుతో 1888, 1889లో రెండు కమిషన్లు నడిచాయి.

పెద్దవాళ్లకు చూపించడం

ప్రింట్లు తీసి రిటైరైన ప్రొఫెసర్ల ఇళ్లకు పట్టుకెళ్లండి. "ఈయన ఫలానా కదండీ?" అని అడిగితే మొహమాటానికి అవునంటారు. "ఎవరండీ ఈయన?" అని అడగండి. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెప్తే రాసుకోండి, ఒక్కరే చెప్తే పేరు పక్కన "బహుశా" అని పెట్టండి. ఆ ఒక్క మాట దగ్గర బద్ధకిస్తే తర్వాత శిలాఫలకం మీద తప్పు పేరు చెక్కిస్తారు.

తుడవడం, తగిలించడం

అద్దం మీద ఎప్పటిదో కుంకుమ బొట్టు ఎండి ఉంటుంది. దాని మీద నేరుగా స్ప్రే కొడితే ఎర్రనీళ్లు కిందకి కారి ఫ్రేము సందులోంచి ఫోటోలోకి దిగుతాయి. గుడ్డను కాస్త తడిపి, గట్టిగా పిండి, అద్దం వరకే తుడవండి. ఎండ తగిలే గోడ, బాత్‌రూమ్ అవతలి చెమ్మ గోడ రెండూ వద్దు. డాక్టర్స్ డే నాడు దండ వేస్తారు, ఆపలేం. పేరు చీటీని పటం కింద కాకుండా పక్కన గోడకు అతికించండి.