కడుపులో గడ్డ: ఒక్క ఫేజ్ సీటీతో సరిపెట్టకండి

ఆదోని నుంచో పులివెందుల నుంచో వచ్చిన మనిషికి అల్ట్రాసౌండ్‌లో నోడ్స్ (వాచిన లింఫు గ్రంథులు) కనబడితే మనకు ముందు గుర్తొచ్చేది టీబీ. చాలాసార్లు అదే అవుతుంది. కాని లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), ఇంకా అరుదైన క్యాసిల్‌మన్ జబ్బు (లింఫు గ్రంథులు అతిగా పెరిగేది) కూడా అలాగే మొదలవుతాయి. వీటిని విడదీసేది సీటీలో కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మెరుపు మందు) ఎక్కే తీరు.

ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడండి. స్కాన్ ఉందని అన్నంతోపాటు నీళ్లూ మానేసి, మే ఎండలో బస్సు దిగి వస్తారు. కిడ్నీలకు అది చేటు. డాక్టరు వద్దంటే తప్ప నీళ్లు ఆపకూడదని ముందురోజే చెప్పండి. ముప్పావుగంట ముందు నుంచి లీటరు దాకా కొద్దికొద్దిగా తాగిస్తే పేగు విచ్చుకుని గోడ మందం తెలుస్తుంది.

మోచేతి మడతలో 18 లేదా 20 గేజ్ క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టండి. కాంట్రాస్ట్ కిలోకు సుమారు 1.5 మిల్లీలీటర్లు, సెకనుకు 3 నుంచి 4 చొప్పున. అరచేతి వెనక సన్న నరానికి ఆ వేగం పెడితే మందు చర్మం కిందికి పోయి చెయ్యి వాస్తుంది. ముందు ప్లెయిన్, అంటే మందు లేకుండా స్కాన్; మందు మొదలెట్టాక 35 సెకన్లకు, 70 సెకన్లకు మళ్లీ. ఇందులో ఒక్కో స్కాన్ ఒక్కో ఫేజ్. చాలాచోట్ల 35 సెకన్లది వదిలేస్తారు. క్యాసిల్‌మన్ జారిపోయేది అక్కడే.

ఒంటరి క్యాసిల్‌మన్ గడ్డ ఆ 35 సెకన్ల ఫేజ్‌లోనే జిగేల్మంటుంది, దానికి రక్తం తెచ్చే నాళాలు లావుగా కనబడతాయి. లింఫోమాకు మందు ఒకే తీరుగా, మందకొడిగా ఎక్కుతుంది. ఆ గడ్డ రక్తనాళాన్ని రెండువైపులా కమ్ముకున్నా సాధారణంగా నొక్కేయదు. పేగులో వస్తే గోడ దళసరెక్కినా దారి మూసుకోకపోగా ఒక్కోసారి వెడల్పవుతుంది. టీబీ నోడ్ అంచు మెరిసి నడుమ నల్లగా ఉంటుంది. అయినా ఏదీ బొమ్మ చూసి ఖాయం చేసేది కాదు.

వెన్ను ముందర బాగా మెరిసే ఒంటి గడ్డైతే పారాగాంగ్లియోమా (బీపీ పెంచే హార్మోన్లు వదలగల గడ్డ) కావచ్చు. ముక్క తీయడానికి సూది వేసే ముందు మెటానెఫ్రిన్స్ (ఆ హార్మోన్ల జాడ చూపే) పరీక్ష చేయించండి. లేకుంటే బల్ల మీదే బీపీ ప్రాణం మీదికొచ్చేంత ఎగబాకవచ్చు.

ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో కణాలు లాగడం) చాలదు. 16 లేదా 18 గేజ్ సూదితో కోర్ (గడ్డలోంచి పూర్తి ముక్క) తీయాలి, వీలైతే నోడ్ మొత్తం. ముక్కల్ని రెండు డబ్బాల్లో వేయండి: పాథాలజీకి ఫార్మలిన్, టీబీ కల్చర్‌కు సెలైన్. అన్నీ ఫార్మలిన్‌లో వేశారంటే క్రిములు చచ్చి కల్చర్ రాదు. ప్రాణాపాయం లేనంతవరకు బయాప్సీకి ముందు స్టెరాయిడ్ వద్దు. లింఫోమా కొద్ది రోజుల్లోనే కరిగి, ముక్కలో ఆనవాలు దొరకదు.

పెట్ స్కాన్‌లో (కణాల చురుకుదనం చూపేది) టీబీ, లింఫోమా రెండూ వెలుగుతాయి. అది ఎక్కడ సూది వేయాలో చూపుతుంది, ఏ జబ్బో తేల్చదు. కర్నూలు పెద్దాసుపత్రికో బయటి ఊరికో పంపేటప్పుడు చుట్టిన ఫిల్ములతోపాటు అన్ని ఫేజ్‌లూ ఉన్న సీడీ ఇచ్చి పంపండి.