వృత్తి సంఘంలో వైవిధ్య, సమ్మిళిత కమిటీని ఏర్పాటు చేసుకోవడం ఎలా?

విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో ఒక మేడ మీది హాలులో రాత్రి ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నర దాటాక ముగిసే నెలవారీ సమావేశం మన వృత్తి సంఘాలన్నింటికీ అలవాటైనదే. పన్ను ప్రాక్టీషనర్లదైనా, సివిల్ ఇంజనీర్లదైనా, న్యాయవాదులదైనా ఆ వేదిక మీద ఏళ్ల తరబడి దాదాపు ఒకే రకం మనుషులు కూర్చుంటారు. తక్కినవారిని ఎవరూ పొమ్మనలేదు. వారంతట వారే రావడం తగ్గించుకుంటారు. విజయవాడలో నేను చాలాకాలంగా సభ్యుడిగా ఉన్న ఒక సంఘంలో ఈ పరిస్థితిని మార్చడానికి కమిటీ వేసే పనిలో మొదటి నుంచీ ఉన్నాను. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను: నియమావళిలో చోటు, బడ్జెట్‌లో పద్దు, సంఘం తీసుకునే నిర్ణయాల్లో మాట చెల్లుబాటు లేని కమిటీ ఒక ఫోటోకూ ఒక పత్రికా ప్రకటనకూ మించి పనికిరాదు. కాబట్టి ఈ మూడింటినీ సాధించుకునే క్రమంలోనే కమిటీని ఏర్పాటు చేసుకోవాలి.

ఆలోచన వచ్చిన వెంటనే సభ్యుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టకండి. ముందుగా సంఘం బీరువాలోని సభ్యత్వ రిజిస్టరు, హాజరు పుస్తకం, మినిట్స్ పుస్తకం, గడచిన మూడేళ్ల ఆహ్వాన పత్రికలు బయటకు తీయండి. సభ్యత్వం తీసుకుని మరుసటి ఏడాది రెన్యువల్ చేసుకోనివారెవరు, ఎన్నికల్లో నామినేషన్ వేసినవారెవరు, విషయ ప్రసంగాలు చేసినవారెవరు అన్నవి ఆ కాగితాలే చెబుతాయి. మేము ఆహ్వాన పత్రికలను బల్ల మీద వరుసగా పరిచి, మహిళా సభ్యుల పేర్లు కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీశాం. గీతలన్నీ పత్రిక పైభాగంలో ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన, అతిథి పరిచయాల దగ్గర పడ్డాయి. మళ్లీ అడుగున వందన సమర్పణ దగ్గర పడ్డాయి. మధ్యలో, అంటే జీఎస్టీ రిటర్నుల గురించీ అప్పీళ్ల గురించీ మాట్లాడే వక్తల పేర్లుండే చోట, ఒక్క గీతా లేదు. వరుసగా రెండేళ్లు వందన సమర్పణ చేసిన సభ్యురాలు రోజూ అప్పీలు అధికారుల ముందు కేసులు వాదించే మనిషి. ఆ బల్ల చుట్టూ కూర్చున్న మేమెవ్వరం అప్పటిదాకా ఆ సంగతిని గమనించలేదు. అందుకు నేను నిజంగా సిగ్గుపడ్డాను.

తర్వాత, రావడం మానేసినవారికి ఫోన్ చేయండి. ఇద్దరు సభ్యులు ఈ పని పంచుకుంటే చాలు. ఎందుకు రావడం లేదని అడిగి, వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకోవాలి. సంఘాన్ని సమర్థించే పని ఆ ఫోన్‌లో పెట్టుకోకూడదు. మాకు వచ్చిన జవాబుల్లో కొన్ని తేలికగా సరిదిద్దగలిగినవి: సమావేశం ముగిశాక తెనాలి వెళ్లడానికి ఆలస్యమవుతుందని ఒకరు, పోలియో సోకిన కాలితో ఇరవై రెండు మెట్లు ఎక్కలేనని ఒకరు చెప్పారు. మెట్లు ఎన్నో ఆయన లెక్కపెట్టుకున్నారు. రోజూ ఎక్కే మాకు ఆ లెక్క తెలియదు. అన్నింటికంటే బరువైన జవాబు ఒక యువ సభ్యుడిది. మొదటిసారి వచ్చిన రోజున ముగ్గురు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఇంటిపేరు అడిగారట, ఊరు అడిగారట, ఆ పైన ‘మీరెవరి తాలూకు’ అని అడిగారట. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారికి ఆ మూడో ప్రశ్న దేనికోసమో వివరించనక్కర్లేదు. ఆ అబ్బాయి రెండో సమావేశానికి రాలేదు.

ఈ వివరాలు చేతికి వచ్చాక కార్యవర్గం ముందుకు వెళ్లండి. అక్కడ రెండు అభ్యంతరాలు తప్పక వస్తాయి. ఒకటి, మన సంఘంలో అలాంటి తేడాలు ఎప్పుడూ లేవన్నది. దానికి వాదనతో కాక, చెప్పినవారి పేర్లు బయటపెట్టకుండా, ఆ కాగితాలతోనే జవాబు చెప్పాలి. రెండోది, మహిళా విభాగం ఉండగా ఇంకో కమిటీ ఎందుకన్నది. మహిళా విభాగం తన కార్యక్రమాలు తాను జరుపుకుంటుంది. ప్రస్తుతం మనం అడుగుతున్నది సంఘం మొత్తం నడిచే తీరు గురించి, అందులో కులం, వైకల్యం, మతం, వయసు, లింగం అన్నీ ఉన్నాయని నిదానంగా చెప్పాలి. ఉదాహరణ కావాలంటే సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్‌ది చూపవచ్చు. ఆ సంఘం కార్యవర్గంలో కనీసం మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించాలనీ, ఆఫీస్ బేరర్లలో కనీసం ఒక పదవిని వంతులవారీగా వారికి ఇవ్వాలనీ 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశంలో అత్యున్నత న్యాయస్థానం ముందు వాదించే న్యాయవాదుల సంఘానికే అలాంటి ఏర్పాటు అవసరమైనప్పుడు, మన సంఘానికి అక్కర్లేదనడానికి ఆధారం ఉండాలి.

కమిటీని రెండు మెట్లలో ఏర్పాటు చేయడం మంచిది. మొదట కార్యవర్గ తీర్మానంతో ఏడాది కాలానికి తాత్కాలిక కమిటీ వేయించండి. కానీ కార్యవర్గం తీర్మానంతో వేసిన కమిటీని వచ్చే కార్యవర్గం మరో తీర్మానంతో ఎత్తివేయగలదు కనుక, ఆ ఏడాది ముగిసేలోపు సర్వసభ్య సమావేశంలో నియమావళి సవరణ చేయించాలి. మన రాష్ట్రంలో సంఘాలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదై ఉంటాయి. సవరణకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, ఎంత మెజారిటీ కావాలో మీ నియమావళిలో చూసుకుని అక్షరాలా పాటించండి. ఆమోదం పొందిన సవరణను రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయడం కార్యదర్శి మర్చిపోకుండా వెంటపడండి. తీర్మానం భాష విషయంలో ‘కృషి చేస్తుంది’, ‘ప్రోత్సహిస్తుంది’ వంటి మాటలు పట్టుకోవడానికి చిక్కవు. మేము చివరికి ఒప్పించుకున్న వాక్యం ఇలా ఉంది: ‘సమావేశాల వేళ, వేదికల ఎంపిక, వక్తల జాబితా, ఉపసంఘాల నియామకం విషయాల్లో కార్యవర్గం నిర్ణయం తీసుకునే ముందు ఈ కమిటీ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి, దానిని అంగీకరించనప్పుడు కారణాన్ని మినిట్స్‌లో నమోదు చేయాలి.’ కమిటీకి వీటో అధికారం అడిగి ఉంటే సవరణ వీగిపోయేది. కారణం రాసి సంతకం పెట్టవలసి రావడం మాత్రం చాలా నిర్ణయాలను మార్చింది.

ఇక సభ్యుల ఎంపిక. ఏడుగురు, మించితే తొమ్మిది మంది చాలు. అధ్యక్షుడు తన ఇష్టప్రకారం పేర్లు చదివే పద్ధతి వద్దు; సభ్యులందరికీ ప్రకటన పంపి, తమ పేరు తామే ప్రతిపాదించుకునే అవకాశం ఇవ్వాలి. కులం, మతం, వైకల్యం వంటి వివరాలను ఎవరినీ నేరుగా అడగకూడదు. చెప్పదలచుకున్నవారు ముగ్గురు సభ్యుల ఎంపిక బృందానికి మాత్రమే మూసిన కవరులో తెలియజేయవచ్చని ప్రకటనలోనే రాయాలి. ఆ కాగితాలు ఎంపిక పూర్తికాగానే చింపివేయాలి. కమిటీలో సగానికి తగ్గకుండా మహిళలు, ప్రాక్టీసులోకి వచ్చి ఐదేళ్లు దాటనివారు కనీసం ఇద్దరు, దళిత, ఆదివాసీ, మైనారిటీ వర్గాల నుంచి, వికలాంగుల నుంచి ప్రతినిధులు ఉండేలా చూసుకోవాలి. ఒక్కరినే తీసుకుని ఆ వర్గం తరఫున అన్నీ మీరే చెప్పాలనడం ఆ ఒక్కరికి మోయలేని భారం, వీలైనచోట ఇద్దరుండాలి. అలాగే భారమంతా బాధపడినవారి మీదే వేయకుండా, సంఘంలో మాట చెల్లే సీనియర్ ఒకరు తప్పక ఉండాలి. కార్యవర్గం నుంచి ఒక ఆఫీస్ బేరర్ సభ్యుడిగా ఉంటే చాలు, కన్వీనర్‌గా మాత్రం వద్దు. పదవీకాలం రెండేళ్లు పెట్టి, ఏటా సగం మంది మారేలా చూసుకుంటే పని తెలిసినవారు ఎప్పుడూ ఉంటారు.

ఫిర్యాదుల సంగతి ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ కమిటీ విచారణ సంఘం కాదు. మహిళలపై పని ప్రదేశంలో జరిగే లైంగిక వేధింపుల విషయంలో 2013 నాటి చట్టం ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే కార్యాలయంలో ఆ చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న ఆఫీసుల్లోని మహిళలు, అంటే మన సభ్యుల ఆఫీసుల్లో పనిచేసే చాలామంది అమ్మాయిలు, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పొడిగించవచ్చు. కులం పేరుతో దూషణ, అవమానం జరిగితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులకు వెళ్లే హక్కును ఎవరూ రాజీ మాటలతో అడ్డుకోకూడదు. ఈ దారులన్నీ తెలుగులో ఒక పేజీగా రాసి సంఘం నోటీసు బోర్డు మీద అంటించడం, వెళ్లదలచినవారికి తోడు వెళ్లడం కమిటీ చేయవలసిన పని.

మొదటి ఆరు నెలల్లో కంటికి కనిపించే పనులు పెట్టుకోండి. సమావేశం వేళను సాయంత్రం ఐదున్నరకు మార్చి మూడు నెలలు హాజరు పుస్తకం చూడండి. హాలు మేడ మీద ఉండి లిఫ్టు లేకపోతే కింది అంతస్తులో హాలు వెతకండి. గుమ్మం దగ్గర మెట్టుకు ర్యాంపు పెట్టేటప్పుడు కొలత తప్పకూడదు. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవున వాలు ఉండాలి, అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు కావాలి. మా మేస్త్రీ మొదట మూడడుగుల్లో ముగించాడు. చక్రాల కుర్చీలో వచ్చిన సభ్యుడి మిత్రులు ఇద్దరు వెనక నుంచి తోయవలసి వచ్చింది, దానిని పగలగొట్టి మళ్లీ కట్టించాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో చూడగానే తెలియనివి చాలా ఉన్నాయి. అందుకే ఆహ్వానం పంపేటప్పుడే ‘మీకు ఏదైనా ఏర్పాటు అవసరమైతే ముందుగా తెలపండి’ అన్న వాక్యమూ, ఒక ఫోన్ నంబరూ ఉండాలి.

సభ్యత్వ దరఖాస్తును కూడా ఒకసారి చదవండి. ‘తండ్రి లేదా భర్త పేరు’ అన్న గడి వృత్తి సంఘానికి దేనికో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. మేము దానిని తీసేశాం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును సుప్రీంకోర్టు 2014లోనే అంగీకరించింది, 2019లో చట్టం కూడా వచ్చింది కనుక, లింగం గడిలో స్త్రీ, పురుషుడు అన్న రెండే ఉంటే అదీ మార్చాలి.

డబ్బు లేకుండా ఇవేవీ జరగవు. వార్షిక బడ్జెట్‌లో కమిటీ పేరుతో ప్రత్యేక పద్దు ఉండాలి. సంజ్ఞా భాష అనువాదకుల రుసుము, ర్యాంపు ఖర్చు, కొత్త సభ్యులకు ఫీజు రాయితీ అందులోంచి రావాలి. ప్రతి ఖర్చుకూ కోశాధికారిని బతిమాలే పరిస్థితి వస్తే కన్వీనర్లు ఆరు నెలల్లో విసిగిపోతారు.

ఏడాది చివర సర్వసభ్య సమావేశంలో కమిటీ తన నివేదికను తానే చదవాలి. వక్తల్లో ఎవరున్నారు, నామినేషన్లు ఎవరు వేశారు, మానేసినవారిలో ఎవరు తిరిగి వచ్చారు, కమిటీ సలహాల్లో కార్యవర్గం ఏవి తోసిపుచ్చింది, మినిట్స్‌లో ఏ కారణం రాసింది అన్నవి అందులో ఉండాలి. కొత్త సభ్యులకు ఫైలు అప్పగించేటప్పుడు పెన్సిలు గీతలున్న ఆ పాత ఆహ్వాన పత్రికలను కూడా అందులో పెట్టి ఇవ్వండి. వారు తమ హయాంలోని పత్రికలను పక్కన పరిచి, అదే లెక్కను మళ్లీ తీయవలసి ఉంటుంది.